ట్రావర్టైన్ గచ్చు: రంధ్రాలే స్వభావమైన రాయి

ఇంట్లో సున్నపురాయి జాతికి చెందిన ట్రావర్టైన్ పలకలు పరిపించుకోవాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది దానిలోని రంధ్రాల గురించే. అవి నాసిరకానికి గుర్తులు కావు. సున్నపురాతిని కరిగించుకుంటూ వచ్చిన భూగర్భజలం ఊటగా పైకి ఉబికినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. అప్పుడు కాల్షియం కార్బొనేట్ నీటిలో నిలవలేక పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరల మధ్య చిక్కిన వాయు బుడగలూ, కూరుకుపోయి కుళ్లిపోయిన నాచూ, రెల్లుకాడలూ ఖాళీలను మిగులుస్తాయి. రోమ్ సమీపంలోని తివోలి గనుల నుంచి తెచ్చి కొలోసియం గోడలకు వాడిన రాయిలోనూ ఈ రంధ్రాలు కనిపిస్తాయి.

నేలకు వాడే పలకల రంధ్రాలను కర్మాగారంలోనే సిమెంటుతో గానీ రెజిన్ అనే గట్టిపడే జిగురుతో గానీ పూడుస్తారు. అయితే పూడ్చగలిగేది పైకి తెరుచుకున్నవాటిని మాత్రమే. ఉపరితలం కింద దాగిన ఖాళీలపై పలుచని పొర ఒక్కటే ఉన్నచోట, బరువైన కుర్చీ కాలు పదేపదే ఒత్తితే ఆ పొర విరిగి కొత్త గుంట తేలుతుంది. దానిని శుభ్రం చేసి, రాయి రంగుకు సరిపడే ఫిల్లర్‌తో మళ్లీ పూడ్చుకోవాలి. ఈ పని అప్పుడప్పుడూ తప్పదని ముందే తెలిసి కొనడం మంచిది. పూడ్చని పలకలు గోడలకు ఎంతో అందంగా ఉంటాయి గానీ, ఇంటి నేలకు వేస్తే గుంటల్లో మట్టి చేరుతుంది.

మన వంటగదిలో దీనికి అసలు శత్రువు పులుపు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ ఏది ఒలికినా ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను తినేసి, మెరుపు పోయిన మచ్చను మిగులుస్తుంది. అది అంటుకున్న మరక కాదు, రాయి ఉపరితలమే అరిగిన చోటు, కనుక ఎంత తుడిచినా పోదు. మళ్లీ పాలిష్ పట్టించవలసిందే. రాయిలోకి ద్రవాలు ఇంకకుండా పూసే సీలర్ వాడితే నూనె, పసుపు లోపలికి ఇంకడం నెమ్మదిస్తుంది తప్ప ఆమ్లం ఆగదు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు కూడా సున్నపురాయి జాతివే కాబట్టి, వాటిపై యాసిడ్ పోసి కడిగి నష్టపోయినవారికి ఈ సంగతి అనుభవమే. ట్రావర్టైన్‌ను ఆమ్లం, క్షారం లేని శుభ్రపరిచే ద్రవం కలిపిన నీటితో తుడిస్తే చాలు.

కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు సూచించే కొలమానంలో ఈ రాయి 3 దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. అందుచేత కాళ్లకంటి వచ్చే ఇసుక ఈ రాయిని గీసేస్తుంది; గుమ్మం దగ్గర కాలిపట్టా తప్పనిసరి. అద్దంలా మెరిసే పాలిష్ కన్నా మెరుపు తక్కువగా ఉంచిన నునుపు రకాన్నే నేను ఎంచుకోమంటాను. దానిపై గీతలూ, పులుపు మచ్చలూ అంతగా కంటపడవు.

పలకలన్నీ ఒకే విడతలో కొని, కొన్నింటిని అదనంగా దాచుకోండి. తర్వాత తెచ్చినవి మరో రాతిదిమ్మె నుంచి కోసినవైతే రంగూ, చారలూ కలవవు.