ఉప్పునీటి చేపల ట్యాంక్ మారుస్తున్నారా? పాత ఇసుకను నమ్మకండి

చిన్న ట్యాంకులోంచి పెద్దదాంట్లోకి మార్చిన మర్నాడే చేపలు నీటి పైకొచ్చి ఆయాసపడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఇసుకను. ఏళ్ళ తరబడి కదలని ఇసుక అడుగున తిండి ముక్కలు, మలం పేరుకుపోయి ఉంటాయి. దాన్ని తవ్వి కొత్త ట్యాంకులో పోస్తే ఆ మురికంతా నీళ్ళలో కలిసి అమ్మోనియా పెరుగుతుంది. మందంగా పరిచిన చోట నల్లటి పొర ఉండి కుళ్ళిన గుడ్డు వాసన కొడితే అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. అందుకే ఇసుక కొత్తదే కొనండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. మేలుచేసే బ్యాక్టీరియా కోసం పాతదాని పైపొర నుంచి ఒకటి రెండు కప్పులు తీసి చల్లితే చాలు.

పాత నీళ్ళ మీద మాత్రం చాలామందికి అక్కర్లేని మమకారం. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు, లైవ్ రాక్ (బ్యాక్టీరియా పట్టిన ట్యాంకు రాళ్ళు) మీద, ఫిల్టర్ మీడియాలో (ఫిల్టర్‌లో నింపే పదార్థం). అవి తడారకుండా ఉంటే సైకిల్, అంటే ఆ బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చే ప్రక్రియ, చాలావరకు నిలబడుతుంది. పాత నీళ్ళ లాభం వేరు: కోరల్స్‌కు (పగడాలు) ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బనేట్ల మోతాదు) ఒక్కసారిగా మారదు. పాత ట్యాంకులో ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాని కొలమానం) ఉండి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళలో 11 ఉంటే, సగం సగం కలిపినా 9.5కి ఎగబాకుతుంది. ఆక్రోపోరా లాంటి కోరల్స్‌కు కొసలు తెల్లబడటానికి ఆ తేడా చాలు. తక్కువ ఆల్కలినిటీ ఇచ్చే ఉప్పు వెతుక్కోండి. లేదంటే మార్పిడికి ముందు వారాల్లోనే అదే ఉప్పుతో కొంచెం కొంచెంగా నీళ్ళు మారుస్తూ అలవాటు చేయండి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 400 లీటర్ల ట్యాంకులో రాళ్ళు, ఇసుక పోను పట్టేవి సుమారు 340 లీటర్లు. 200 లీటర్ల పాత ట్యాంకు నుంచి తేటగా తీయగలిగేవి 120 దాకా. మిగతా 220కి కాస్త కలుపుకుని 250 లీటర్లు సిద్ధం చేసుకుంటే సరిపోతుంది. సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్ పెట్టే చిన్న తొట్టి) ఉంటే దాని నీళ్ళు అదనం. లీటరుకు 36 నుంచి 38 గ్రాముల చొప్పున తొమ్మిది కిలోల పైచిలుకు ఉప్పు పడుతుంది. ఆర్‌ఓ డీఐ నీళ్ళలో (లవణాలు తీసేసిన శుద్ధి నీళ్ళు) ముందురోజే కలిపి, పంపు, హీటర్ వేసి ఉంచండి. సాలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతులు, వేడి 25 నుంచి 26 డిగ్రీలు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవంతోనే సరిచూడండి.

ఇంకో పరీక్ష కూడా ముందే అవ్వాలి. కొత్త ట్యాంకును మామూలు నీళ్ళతో నింపి రెండు రోజులు లీకేజీ చూడండి. సంప్ ఉంటే దాన్నుంచి నీళ్ళను పైకి పంపే రిటర్న్ పంపు ఆపి, వెనక్కి దిగే నీళ్ళు సంప్‌లో సరిపోతాయో లేదో చూసుకోండి. కరెంటు పోయినప్పుడు గది తడిసేది ఇక్కడ తేడా వస్తేనే.

అసలు రోజు మొదట హీటర్ ఆపి చల్లారనివ్వండి. వేడిగా ఉండగా నీళ్ళు దిగితే హీటర్ గాజు పగలొచ్చు. ఇసుక కదలకముందే తేట నీళ్ళను డబ్బాల్లోకి తోడుకోండి. తర్వాత కోరల్స్, ఆ తర్వాత రాళ్ళు, చివర్లో చేపలు. రాళ్ళుండగా చేపల వెంట వల వేసుకుని తిరగడం దండగ. నీళ్ళు అడుగుకు దిగాక అవే దొరుకుతాయి. ఏంజెల్ చేపల చెంపముళ్ళు వలలో చిక్కుకుంటాయి కాబట్టి వాటిని ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయండి. రాస్, ఫైర్‌ఫిష్ దూకుతాయి, బకెట్‌కు మూత తప్పనిసరి. బకెట్‌లో ఎయిర్‌స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) కూడా ఉండాలి. సముద్రజీవులైన స్పాంజ్‌లను గాలి తగలకుండా నీళ్ళలోనే మార్చాలి. అనెమొనీని (రాయికి అంటుకుని బతికే సముద్రజీవి) పీకొద్దు, పాదం చిరిగితే బతకడం కష్టం. అది పట్టుకున్న రాయితో సహా మార్చండి, కొత్త చోట పవర్‌హెడ్‌లకు (నీళ్ళను తిప్పే పంపులు) జాలీ తొడగండి.

జోయాంథస్, పాలిథోవా అనే మెత్తటి కోరల్స్ ఉన్న రాళ్ళను పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోండి. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అలాంటి రాళ్ళను ఎప్పుడూ వేడినీళ్ళతో కడగొద్దు, మరిగించొద్దు. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

కొత్త ట్యాంకులో రాళ్ళు నేరుగా అడుగున కూర్చోవాలి, ఇసుక వాటి చుట్టూ పోయాలి. ఇసుక మీద నిలబెడితే, గోబీలు, పిస్టల్ రొయ్యలు కింద తవ్వినప్పుడు కూలుతాయి. నీళ్ళు కొంత తేరుకుని, వేడి, సాలినిటీ కుదిరాకే చేపల్ని వదలండి.

మొదటి వారం రోజూ అమ్మోనియా చూడండి, తిండి సగానికి తగ్గించండి. అమ్మోనియా కనిపిస్తే వెంటనే నీళ్ళు మార్చాలి, అందుకోసం మరో యాభై లీటర్లు కలిపి పక్కన ఉంచుకోండి. ట్యాంకు పెద్దదైందని కొత్త చేపల్ని తేవడం కనీసం నెల ఆపండి. కొత్త లైటు పాతదానికన్నా బలమైనదైతే సగం వెలుతురుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచండి. నీళ్ళన్నీ సరిగ్గా ఉన్నా కోరల్స్ రంగు పోతున్నాయంటే చాలాసార్లు కారణం ఈ లైటే.