ఖర్దుంగ్ లా దిగాక బ్రేకుల లెక్క మారింది

లేహ్‌లో మొదటి రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేదాకా అందరూ చేసేదే నేనూ చేశాను: నీళ్లు తాగడం, పడుకోవడం, మేడ మీద నుంచి స్టోక్ కాంగ్రీ శిఖరం మీది మంచు వైపు చూడడం. రాయాలనిపించింది మాత్రం లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ నుంచి సైకిల్ మీద దిగిన పూట గురించే.

పైకి జీపులో వెళ్లాం, సైకిళ్లు టాపు మీద. ఎక్కించేటప్పుడే ఒక పెద్దాయన కుర్రాళ్లతో వాదన పెట్టుకున్నాడు. బెంగళూరులో స్థిరపడ్డ తెలుగాయన. తన సైకిల్‌ని తలకిందులుగా పెట్టొద్దని, నిలబెట్టే కట్టాలని పట్టుబట్టాడు. ముందు చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క కూడా దూర్చాడు. ఇంత జాగ్రత్త ఎందుకా అనుకున్నాను.

కనుమ మీద బోర్డు చాలా ఏళ్లు 18,380 అడుగులని చెప్పింది. కొలిచిన ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగులకి కాస్త తక్కువ. ఏదైతేనేం, తల దిమ్ముగా ఉంది, గాలి చెవులు కోసేస్తోంది, బోర్డు దగ్గర ఫోటోల తోపులాట. అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు. అక్కడి నుంచి లేహ్ దాకా దాదాపు 40 కిలోమీటర్లు దిగుడే.

నా సైకిల్‌కి ఉన్నవి తీగతో లాగే కేబుల్ డిస్క్ బ్రేకులు, 160 మిల్లీమీటర్ల రోటర్లు, అంటే ప్యాడ్లు నొక్కిపట్టే లోహపు పళ్లేలు. ఊళ్లో రోడ్లకి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇక్కడ కనుమ దిగిన కాసేపటికే చేతులు మొరాయించాయి. కంకర, రోడ్డుకి అడ్డంగా పారే మంచునీళ్లు, మలుపు తిరగ్గానే ఎదురొచ్చే లారీ. మూడు వేళ్లతో లీవర్ లాగిపట్టుకుంటే తప్ప వేగం తగ్గదు. వదిలితే సైకిల్ పరుగెడుతుంది, పట్టుకుంటే ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. పైగా ప్యాడ్లు అరిగేకొద్దీ లీవర్ హ్యాండిల్‌కి దగ్గరవుతూ వచ్చింది. మామూలు కేబుల్ బ్రేకుల్లో ఒక పక్క ప్యాడే కదులుతుంది, అరుగుదలని మనమే స్క్రూ తిప్పి సరిచేయాలి. గడ్డకట్టిన వేళ్లతో రోడ్డు పక్కన ఆ పని చేశాను. చుట్టూ అంత గొప్ప కొండలుంటే నా కళ్లు ముందు చక్రం ఎదుటి రెండు గజాలు దాటి పోలేదు. నిజంగా కోపమొచ్చింది. సైకిల్ వివరాల్లో ‘డిస్క్ బ్రేక్’ అని రాసి ఊరుకుంటారు. లోపల తీగ ఉందా నూనె ఉందా అన్నది అసలు విషయం.

సౌత్ పుల్లూ చెక్‌పోస్ట్ దగ్గర ఆగి చేతులు విదిలిస్తుంటే పెద్దాయన వచ్చి చూశాడు.

“తమ్ముడూ, ఎన్ని వేళ్లతో పడుతున్నావు?”

“మూడు సార్. ఒక్కోసారి నాలుగు.”

“నాది తీసుకెళ్లు. ఒక వేలు చాలు. రెండో వేలు పెట్టావంటే ముందుకి దొర్లుతావ్, జాగ్రత్త.”

మా ఇద్దరి ఎత్తూ ఇంచుమించు ఒకటే. మొహమాటపడ్డాను గానీ ఆయన అప్పటికే నా సైకిల్ ఎక్కేశాడు.

ఆయన సైకిల్‌వి తీగకి బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు. మొదటి మలుపులోనే తేడా తెలిసింది. చూపుడు వేలు ఎంత నొక్కితే అంతే పడుతోంది, ఇంకాస్త నొక్కితే ఇంకాస్త. చక్రం జారబోతుందనిపించిన క్షణంలో ఆ మేరకే వదలొచ్చు. మిగతా వేళ్లన్నీ హ్యాండిల్ మీదే ఉన్నాయి కాబట్టి గుంతల్లోనూ పట్టు తప్పలేదు. మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేసే ధైర్యం వచ్చింది. అప్పుడే తలెత్తి చూశాను. కింద లేహ్ పచ్చదనం, అవతల సింధు లోయ, దాని వెనక మంచు వరస.

కింద ఆయనతో గంటసేపు బ్రేకుల మాటే. సైకిలూ మనిషీ కలిపి 90 కిలోలనుకుంటే, కనుమ నుంచి లేహ్‌కి 1,850 మీటర్లు దిగడంలో విడుదలయ్యే శక్తి దాదాపు 16 లక్షల జౌల్స్. అయిదు లీటర్ల నీళ్లు మరగబెట్టడానికి ఇంచుమించు సరిపోతుంది. గాలి అడ్డుకున్నది పోగా చాలావరకు ఆ చిన్న రోటర్లే వేడిగా మింగాలి. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి అది అడ్డుకునేదీ తక్కువే, రోటర్లని చల్లార్చేదీ తక్కువే. అందుకే ఆయన ప్యాడ్లని నెట్టే పిస్టన్ల సంఖ్య కన్నా ముందు రోటర్ సైజు చూడమన్నాడు. 160 నుంచి 180కి వెళ్తే అదే పట్టుకి ఆపే బలం ఎనిమిదో వంతు పెరుగుతుంది, వేడి పంచుకోవడానికి లోహమూ ఎక్కువ. కాకపోతే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ఎంతవరకు ఒప్పుకుంటుందో తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు.

తలకిందుల సంగతీ అప్పుడే తెలిసింది. లీవర్ దగ్గరి నూనె తొట్టెలో కాస్త గాలి ఉంటే, సైకిల్ తిరగబడినప్పుడు అది గొట్టంలోకి దిగుతుంది, లీవర్ మెత్తబడిపోతుంది. ఇక చక్రం లేనప్పుడు పొరపాటున లీవర్ నొక్కితే పిస్టన్లు బయటికొచ్చి ప్యాడ్లు మూసుకుపోతాయి. ప్లాస్టిక్ ముక్క అందుకు.

తిరిగొచ్చాక చాలా రోజులు నా సైకిల్‌కి హైడ్రాలిక్ బ్రేకులు ఎంచుకోవడమే పని. నూనె దగ్గర ఎక్కువ ఆగాను. ఈ బ్రేకుల్లో పోసేవి రెండు రకాలు: డాట్ ద్రవం, మినరల్ ఆయిల్. డాట్ ద్రవం గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 180కి పడిపోతుంది. పెయింట్ మీద పడితే పాడుచేస్తుంది కూడా. మినరల్ ఆయిల్ తేమ పీల్చదు గానీ దానికి అందరికీ ఒకే ప్రమాణం లేదు, కంపెనీ చెప్పిందే పోయాలి. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. షిమానో, మగురా మినరల్ ఆయిల్ వాడతాయి. శ్రామ్ చాలాకాలం డాట్‌తోనే ఉండి, ఇప్పుడు కొన్ని మోడళ్లకి మినరల్ ఆయిల్ తెచ్చింది. బ్లీడింగ్, అంటే నూనెలో చేరిన గాలి తీసేయడం, ఇంట్లో నేనే చేసుకోవాలనుకున్నాను కాబట్టి నా ఓటు మినరల్ ఆయిల్‌కే.

మిగతావి త్వరగా తేలాయి. నా చక్రం మధ్యనుండే హబ్‌కి ఆరు బోల్టుల రోటరే పడుతుంది. ఫోర్క్ 180 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి ముందు చక్రానికి 180, అడాప్టర్‌తో. వెనక 160 ఉంచేశాను, దిగుడులో బరువంతా ముందుకే వస్తుంది మరి. నాలుగు పిస్టన్ల బ్రేకు ముందు చక్రానికి మాత్రమే. గేర్ లీవరూ బ్రేక్ లీవరూ కలిసి ఉన్న సైకిలైతే గేర్ షిఫ్టర్ కూడా మార్చాలి. నాకు ఆ బెడద లేదు.

ప్యాడ్ల దగ్గరే ఇంకా ఊగుతున్నాను. రెజిన్‌వి మెత్తగా, చప్పుడు లేకుండా పడతాయి గానీ బురదలో త్వరగా అరిగిపోతాయి. లోహపు పొడితో చేసే సింటర్డ్‌వి వేడికీ తడికీ ఓర్చుకుంటాయి, చప్పుడు ఎక్కువ. రోటర్ మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని లేదని చూసుకున్నాను. ప్రస్తుతానికి ముందు సింటర్డ్, వెనక రెజిన్ వేసి, ఖాళీ దిగుడులో మళ్లీ మళ్లీ వేగం తగ్గించి ప్యాడ్లని రోటర్‌కి అలవాటు చేస్తున్నాను. వానలు మొదలయ్యాక వెనకవీ మార్చాలేమో చూస్తాను.