చేతులెత్తమంటే అందరూ ఎత్తారు

ఈరోజు స్టాఫ్ రూమ్‌లో మళ్ళీ అదే మాట. "ఈ కాలం పిల్లలకి సొంత బుర్రంటూ లేదు మేడం, పక్కవాడు ఏం చేస్తే వీడూ అదే" అన్నారు లెక్కల సార్. మిగతావాళ్లం తలూపాం. అందరం ఒకేసారి, ఒకేలా ఊపాం, అదీ తమాషా.

మూడో పీరియడ్‌లో జరిగింది ఇప్పుడు రాసుకోకపోతే రేపటికి మర్చిపోతాను. పరీక్షల ముందు పదో తరగతిని రోజూ సాయంత్రం ఇంకో గంట కూర్చోబెట్టి చదివించాలని ప్రిన్సిపాల్ గారి ఆలోచన. క్లాస్ టీచర్ని కదా, పిల్లలు ఏమంటారో కనుక్కోమన్నారు. ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండర్రా అన్నాను. ముందు బెంచీ వాళ్లు టక్కున ఎత్తేశారు, అది ఎప్పుడూ ఉండేదే. తర్వాత కాసేపు ఏమీ జరగలేదు, తలలు మాత్రం అటూ ఇటూ తిరిగాయి. మధ్య వరసలో ఒకమ్మాయి మోచెయ్యి బల్ల మీదే ఉంచి అరచెయ్యి మాత్రం కాస్త పైకి లేపింది, కాదనిపిస్తే జుట్టు సర్దుకుంటున్నట్టు దించేయడానికి వీలుగా. వెనక కూడా చేతులు లేవడం చూశాకే ఆ మోచెయ్యి బల్ల మీంచి కదిలింది. అరనిమిషంలో క్లాసంతా చేతులే, ఒక్కడు తప్ప. వాడు దేనికీ ఎత్తడు. పిక్నిక్‌కి వెళ్దామా అన్నా ఎత్తడు.

ఆ మోచెయ్యి చూశాక నాకు అనుమానం వచ్చింది. నోట్‌బుక్ వెనక పేజీలు చింపి తలా ఒక ముక్క ఇచ్చి, పేరు రాయకుండా కావాలో వద్దో రాయమన్నాను. చూస్తే సగానికి పైగా 'వద్దు'. ఒక చీటీలో "నాకు వద్దు కానీ అందరికీ కావాలి కదా టీచర్, అందుకని సరే" అని ఉంది. ఇంకోదాంట్లో "ఇక్కడైతే నిద్రొస్తుంది" అని రాసి దాన్ని కొట్టేసి, దాని కింద "మీ ఇష్టం" అని ఉంది. చెయ్యెత్తని ఆ ఒక్కడు (చేతిరాత దాస్తే దాగదు) 'కావాలి' అని రాశాడు. నవ్వాగలేదు నాకు. మందకి ఎదురు నడవాలన్నా మంద ఎటు పోతోందో చూసుకునే కదా నడవాలి.

సొంత బుర్ర లేకపోవడమంటే ఇది కాదు. బుర్రలో 'వద్దు' స్పష్టంగానే ఉంది, చేతిదాకా రాలేదంతే.

ఇక్కడ సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుర్తురాకుండా ఉండడు. బీఈడీలో పరీక్ష కోసం చదివి వదిలేసిన పేరు, తర్వాత క్లాసులో నిలబడ్డాక అర్థమైంది. 1950ల మొదట్లో అమెరికాలో కాలేజీ కుర్రాళ్లని ఏడెనిమిది మంది చొప్పున కూర్చోబెట్టి ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దీనంత పొడుగున్నది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్న. కాకపోతే ఆ గదిలో ఒక్కడే అసలైన అభ్యర్థి, మిగతావాళ్లందరూ ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు, 18 సార్లలో 12 సార్లు కూడబలుక్కుని ఒకే తప్పు చెప్పేవాళ్లు. విడిగా అడిగితే నూటికి ఒక్క తప్పు కూడా చేయని ప్రశ్నకి, గుంపు తప్పు చెప్పిన సందర్భాల్లో మూడో వంతుకి పైగా ఆ కుర్రాళ్లూ తప్పే చెప్పారు. నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా లొంగారు. అందరూ ఇక్కడితో ఆపేసి "చూశారా, మనుషులంతా గొర్రెలు" అంటారు. నాకు దాని తర్వాతి భాగమే ముఖ్యం అనిపిస్తుంది. నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. పైగా గదిలో ఇంకొక్కడు సరైన జవాబు చెప్తే చాలు, లొంగడం అంతకుముందున్నదాంట్లో నాలుగో వంతుకి పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు కూడా బాగా తగ్గింది. చీటీల సంగతి నేనేదో కనిపెట్టిందేమీ కాదన్నమాట.

అయితే నా క్లాసులో జరిగింది ఆష్ గదికంటే కొంచెం విచిత్రం. అక్కడ తప్పు చెప్పడానికి ముందే సిద్ధం చేసిన మనుషులున్నారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల చెయ్యి చూసి "వీళ్లకి నిజంగానే ఇష్టం" అనుకున్నారు, తన చెయ్యి ఎందుకు లేచిందో మాత్రం తనకి తెలుసు. తన చేతి వెనక ఉన్న మొహమాటం పక్కవాడి చేతి వెనక కూడా ఉంటుందని తట్టలేదు ఎవరికీ. ప్రిన్‌స్టన్ యూనివర్సిటీలో ప్రెంటిస్, మిల్లర్ అనే ఇద్దరు 1993లో సరిగ్గా ఇదే చూపించారు. క్యాంపస్‌లో తాగుడు గురించి విద్యార్థులని అడిగితే, నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది కానీ మిగతావాళ్లకి ఏమీ అనిపించదు అని చెప్పారట ఎక్కువమంది. ఇక్కడ నన్ను భయపెట్టే సంగతి ఒకటుంది. ఒక సెమిస్టర్ గడిచేసరికి మగపిల్లలు తాము ఊహించుకున్న ఆ 'అందరి అభిప్రాయం' వైపుకి నిజంగానే జరిగారు. అసలు లేని అభిప్రాయం అది. లేనిదాన్ని చూసి సర్దుకున్నారు, సర్దుకుని సర్దుకుని దాన్ని ఉన్నదిగా చేశారు. ఈరోజు మొహమాటానికి లేచిన చెయ్యి ఏడాది పోయాక నమ్మకంతోనే లేస్తుందేమో, అప్పుడు చీటీ ఇచ్చినా లాభం లేదు.

ఈ వయసుకే ఎందుకింత అని ఎవరైనా అడిగితే, వయసుకి కూడా వాటా ఉంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ చేసిన పరిశోధన ఒకటుంది. 306 మంది చేత కంప్యూటర్ మీద కారు ఆట ఆడించారు, కొందరు ఒంటరిగా, కొందరు స్నేహితులు పక్కన చూస్తుండగా. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు స్నేహితులు ఉన్నప్పుడు దాదాపు రెట్టింపు రిస్క్ తీసుకున్నారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో పెద్ద తేడా లేదు. అదే పిల్లలు ఒంటరిగా ఉంటే పెద్దవాళ్లకంటే మరీ అంత దూకుడుగా ఏమీ లేరు. అంటే వాళ్లకి తెలియక కాదు, ప్రమాదం ఏదో బాగానే తెలుసు. స్నేహితుడు చూస్తున్నప్పుడు ఆ ఆటే ఇంకా రుచిగా అనిపిస్తుంది, అంతే తేడా. మా వాడు నాతో వచ్చేటప్పుడు రోడ్డు దాటడానికి నా చెయ్యి పట్టుకుని ఆపుతాడు. వాడే ఫ్రెండ్స్‌తో ఎలా దాటుతాడో ఒకసారి కిటికీలోంచి చూశాను. ఇంక చూడదలుచుకోలేదు.

మధ్యాహ్నం ఏడో తరగతికి సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్తే అక్కడ ఇంకో ముచ్చట. మా సైన్స్ సార్‌కి ఒక ముద్దుపేరుంది (ముద్దు ఏమీ లేదులెండి, వెక్కిరింతే). అది పెట్టిన బ్యాచ్ బయటికెళ్లి చాలా కాలమైంది, ఎందుకు పెట్టారో ఇప్పుడున్న పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఈ ఏడే చేరిన పిల్లాడు వరండాలో ఆయన్ని చూసి ఆ పేరు గొణుక్కుని పక్కవాడితో కలిసి నవ్వాడు. ఎందుకురా నవ్వుతున్నావ్ అంటే తెల్లమొహం వేశాడు. వాడికి సార్ మీద కోపం లేదు, ఆ పేరు తెలిస్తేనే వాడు ఈ బడివాడు. 1961లో జేకబ్స్, క్యాంప్‌బెల్ చేసిన ప్రయోగం ఇలాంటిదే. చీకటి గదిలో కదలని చిన్న దీపం, చూసేవాళ్లకి మాత్రం కదులుతున్నట్టు ఉంటుంది, ఎంత కదిలిందో చెప్పాలి. ముందు కొందరు పథకం ప్రకారం బాగా ఎక్కువ చేసి చెప్తారు. తర్వాత వాళ్లని ఒక్కొక్కరినే తీసేసి ఒక్కొక్క కొత్త మనిషిని పెడతారు. అబద్ధం మొదలుపెట్టినవాళ్లు ఒక్కరూ లేకపోయినా కొన్ని తరాలపాటు ఆ లెక్క ఎక్కువగానే సాగింది. మెల్లగా తగ్గి తగ్గి గానీ మామూలుకి రాలేదు. అక్కడ ఒక్క దీపమే, ఆ లెక్క తప్పినవాడిని ఎవరూ వెక్కిరించరు, వెలివేయరు. అయినా అన్నాళ్లు బతికింది. బయట ప్రపంచంలో శిక్షలు, బహుమతులు కూడా ఉంటాయి మరి.

ఇంత రాశాక లెక్కల సార్ వైపు కూడా చేరిపోయానా అనిపిస్తోంది, లేదు. గుంపు ప్రభావం అనగానే చెడిపోవడం ఒక్కటే మనకి గుర్తొస్తుంది. న్యూకూంబ్ అనే ఆయన 1930లలో అమెరికాలోని బెన్నింగ్టన్ అనే ఆడపిల్లల కాలేజీని కొన్నేళ్లపాటు గమనించాడు. పిల్లల్లో ఎక్కువమంది డబ్బున్న, పాతకాలపు భావాల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు, అధ్యాపకులేమో అభ్యుదయవాదులు. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు మొదటి ఏడాది వాళ్లలో 62 శాతం సంప్రదాయవాద రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి లాండన్ వైపుంటే, చివరి రెండేళ్ల వాళ్లలో అది 15 శాతానికి వచ్చేసింది. పాతికేళ్ల తర్వాత మళ్ళీ వెళ్లి అడిగితే ఎక్కువమంది ఆ కాలేజీ నాటి భావాలతోనే ఉన్నారు. ఎందుకంటే భర్తల్నీ స్నేహితుల్నీ కూడా ఆ భావాలకి దగ్గరగా ఉన్నవాళ్లనే ఎంచుకున్నారు, ఒక గుంపు వదిలాక అలాంటిదే ఇంకో గుంపు కట్టుకున్నారు. ఇది ఎదగడమా, లొంగడమా? ఆ భావాలు నచ్చినవాళ్లు చదువు కళ్లు తెరిపించింది అంటారు, వాళ్ల నాన్నలు మాత్రం కాలేజీ పాడుచేసింది అనే అనుకుని ఉంటారు. జరిగిన పని ఒక్కటే. మనం కూడా అంతే, మన మాట ప్రకారం నడిచే పిల్లలని గుంపులో గోవిందా అని ఎవరమూ తిట్టం, బుద్ధిమంతులు అంటాం.

ఆ బుద్ధిమంతుల్ని చూస్తే టీచర్లకి కలిగే సుఖం గురించి కూడా చెప్పాలి. 1967లో కాలిఫోర్నియాలో రాన్ జోన్స్ అనే చరిత్ర టీచర్, నాజీల కాలంలో మామూలు జనం ఎలా ఊరుకున్నారో పిల్లలకి అర్థం కావట్లేదని క్లాసులోనే ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. నిటారుగా కూర్చోవడం, లేచి నిలబడి జవాబు చెప్పడం, ఒక సెల్యూట్, సభ్యత్వ కార్డులు. ఐదు రోజుల్లో వేరే క్లాసుల పిల్లలు కూడా వచ్చి చేరారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పడం మొదలుపెట్టారు, ఆయనే భయపడి ఆపేశాడు. ఆయన తర్వాత రాసుకున్నదాంట్లో నాకు గుచ్చుకున్నది, అంతకుముందు నోరు విప్పని పిల్లలు ఆ క్రమశిక్షణలో చక్కగా జవాబులు చెప్పారన్నది, తనకీ అది నచ్చిందన్నది. ఆ సుఖం నాకు తెలుసు. నేను గుమ్మంలోకి రాగానే క్లాసంతా ఒక్క శబ్దంతో లేచి నిలబడినప్పుడు ఒళ్లు కొంచెం పొంగుతుంది.

సాయంత్రం మీటింగ్. ప్రిన్సిపాల్ గారు ఎక్స్‌ట్రా అవర్ విషయం ఎత్తగానే "మంచిదే సార్" "మంచిదే సార్" అని టేబుల్ చుట్టూ వరసగా వచ్చేసింది. చీటీలు ముందు పెట్టి, సగానికి పైగా వద్దన్నారండీ అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా పీఈటీ సార్, మీటింగుల్లో టీ తప్ప దేన్నీ ముట్టుకోని మనిషి, "నాకూ వద్దే సార్, పొద్దంతా కూర్చున్న పిల్లలు, సాయంత్రం ఆ కాసేపైనా పరిగెత్తనివ్వండి" అన్నారు. అంతే, ఇంగ్లీష్ మేడంకి బస్సు సమస్య గుర్తొచ్చింది, తెలుగు సార్‌కి పిల్లల కళ్లు గుర్తొచ్చాయి, పొద్దున బుర్ర లేదన్న లెక్కల సార్ కూడా "నేనూ అదే అందామనుకున్నా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం.

చివరికి ఇష్టమున్నవాళ్లే ఉండేట్టు తేల్చారు. వినడానికి బాగానే ఉంది కానీ నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. ఇష్టమున్నవాళ్లే అంటే మొదటి రోజు ముందు బెంచీ ఉంటుంది, రెండో రోజు వాళ్ల స్నేహితులు, వారం తిరిగేసరికి ఇంటికెళ్లేవాడు బ్యాగ్ సర్దుకోవడానికి సిగ్గుపడతాడు. అందుకని పేర్లు క్లాసులో అడగొద్దు, ఇంటినుంచి మడిచిన కాగితం మీద రాసుకొచ్చి విడివిడిగా ఇమ్మందాం, లిస్టు చదవొద్దు, నోటీసు బోర్డు మీద పెట్టొద్దు, ఉండే గంట కూడా వేరే గదిలో పెడదాం అని అడిగాను. లిస్టు చదవకపోవడానికి ఒప్పుకున్నారు. గది సంగతి చూద్దాం అన్నారు. కాగితాలు ఎల్లుండికల్లా రావాలి, ఫార్మాట్ ఈ రాత్రికే రాయాలి.