బడికి కంప్యూటర్లు వచ్చాయి సరే, కరెంటు లెక్క వేశారా?

కంప్యూటర్ చదువు కొత్తగా మొదలుపెట్టే దేశాల్లో డబ్బంతా మిషన్లకే పోతుంది. ల్యాబ్ మూతపడేది మాత్రం కరెంటు దగ్గర. మానిటర్‌తో కలిపి డెస్క్‌టాప్ సుమారు 100 వాట్లు లాగుతుంది, 20 పెడితే 2,000. కరెంటు పోతే ఆదుకునే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ రకాన్ని పదేపదే సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది, కాబట్టి చేతికొచ్చేది 900. అరగంట కూడా రాదు! మానిటర్‌తో సహా 25 వాట్లతో సరిపెట్టుకునే చిన్న బోర్డు కంప్యూటర్లయితే దాదాపు గంటా నలభై ఐదు నిమిషాలు.

ఇంకో తంటా, మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ. మిషన్ ఆపినప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. సెలవుల్లో మిషన్లు ఆపి ఉంచితే పాత బిళ్ల దిగిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ అసలైనదే అని చూపే సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి, తేదీ తప్పితే అవి చెల్లక పేజీలు తెరుచుకోవు. "నెట్ రావట్లేదు" అని ఫిర్యాదు, పాపం కేబుళ్లన్నీ మార్చేస్తారు. ముందు కంప్యూటర్‌లో గడియారం చూడండి.

మిషన్‌కి ఇద్దరు పిల్లలనే కూర్చోబెట్టండి. మూడోవాడి చేతికి మౌస్ అందదు. నెట్ సరిగ్గా లేకపోతే కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా దించి ల్యాబ్ సర్వర్‌లో పెట్టుకోవచ్చు.