ఒకే ఊరు, ఏడు పేర్లు

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు ముందు ఆ బాంబు దగ్గరికే పోతాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద వేసినవాటిలో పేలకుండా మిగిలింది. ఆ రోజు మా అమ్మమ్మ చంకన పిల్లని, నెత్తిన బియ్యం మూటని పెట్టుకుని విజయనగరం వైపు నడిచిందట.

ఆ రోజు గురించి ఇంకా తెలుసుకోవాలంటే తిరగక తప్పదు. వస్తువు మ్యూజియంలో, పాత పేపర్లు లైబ్రరీలో, ప్రభుత్వ ఫైళ్ళు ఆర్కైవ్స్‌లో. లైబ్రరీ వాళ్ళు రచయిత పేరుతో రాసుకుంటారు, మ్యూజియం వాళ్ళు వస్తువు నంబరుతో. ఆర్కైవ్స్‌లో చాలాసార్లు కట్ట మొత్తానికి ఒకే వివరం ఉంటుంది, లోపలి ఉత్తరం ఎవరిదో బయటికి కనిపించదు.

ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ 2009లో మొదలుపెట్టిన ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో అయితే ఆ దేశపు లైబ్రరీలు, మ్యూజియాలు, ఆర్కైవ్స్‌లో ఉన్నవాటిని ఒకే సెర్చ్ పెట్టెలో వెతకొచ్చు. మొన్న రాత్రి అందులో ‘వైజాగపటం’ అని బ్రిటిష్ కాలపు స్పెల్లింగ్ కొట్టాను. 1942 ఏప్రిల్ నాటి పేపర్లలో మన ఊరి పేరు! ఒళ్ళు జలదరించింది.

మనమూ అలా చెయ్యాలంటే, దాచినవాటి వివరాలు ఒకే తీరులో రాసుకునే డబ్లిన్ కోర్ అనే పద్ధతి ఉంది. అందులో 15 గడులుంటాయి: పేరు, తేదీ, చోటు వగైరా. మ్యూజియం, లైబ్రరీ, ఆర్కైవ్స్ మూడూ ఇవి నింపితే కలిపి వెతకడం మొదలవుతుంది. కానీ అసలు చిక్కు చోటు గడిలోనే: ఒకే ఊరిని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో రాస్తారు. ఊరికి ఒక నంబరిచ్చి, పేర్లన్నీ దాని కిందికి చేర్చాలి. నేను రాయడం మొదలుపెట్టాను: విశాఖపట్నం, విశాఖపట్టణం, విశాఖ, వైజాగ్, వైజాగపటం, వాల్తేరు, వాల్టెయిర్. మీ ఇంట్లో పాత దస్తావేజుల మీద ఇంకో పేరుంటే చెప్పండి, చేరుస్తాను.