పెచ్చులు

విజయనగరం, శనివారం రాత్రి

పొద్దున పాప మంచం మీద అరచేయంత పెచ్చు ఊడి పడింది. పాప అప్పుడే లేచి మొహం కడుక్కుంటోంది. దుప్పటి దులిపితే ఇసుక, సిమెంటు పొడి, వాటి మధ్య ఎర్రటి తుప్పు రేకులు. స్టూలెక్కి చూశాను. స్లాబులో ఊచ బయటపడి ఉంది. వేలితో తాకితే పొరలు పొరలుగా రాలింది. నీళ్లు దిగి దిగి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటుని కిందికి తోసేస్తుంది. సున్నం వేస్తే పోయేది కాదిది.

ఓనరు గారికి ఫోన్ చేశాను. "పైడితల్లమ్మ సిరిమాను పండగ వెళ్లనీ అమ్మా, చూద్దాం" అన్నారు. పోయినేడూ సిరిమానే, ఆ తర్వాత సంక్రాంతి. నేనూ ఇన్నాళ్లూ "మీకు వీలైనప్పుడే బాబాయ్ గారూ" అని బతిమాలుతూనే వచ్చాను. ఐదో తారీఖు దాటకుండా అద్దె కడుతున్నదాన్ని, పైకప్పు కోసం బతిమాలడం ఎందుకు?

మధ్యాహ్నం బీరువాలోంచి అగ్రిమెంటు తీశాను. పదకొండు నెలలది, ఏటేటా తిరగరాసుకుంటున్నాం. అందరూ పదకొండుకే రాయిస్తారు కదా. అందులో స్లాబు, గోడలు, పైపుల రిపేర్లు యజమానివని, కుళాయి వాషర్లు, స్విచ్చులు మావని స్పష్టంగా ఉంది. సంతకం పెట్టినప్పుడు ఆ పేజీ చదవనేలేదు.

కోర్టులో ప్లీడరు గుమాస్తాగా చేసే చిన్నాన్నకి చదివి వినిపించాను. "ఆ ముక్క రాసుందంటే నీకు బలమున్నట్టే తల్లీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షను. తను చేయించాల్సిన రిపేరుకి నోటీసిచ్చి, తగిన టైమిచ్చినా ఓనరు పట్టించుకోకపోతే, నువ్వే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో విరగ్గోసుకోవచ్చు. కానీ ముందు కాగితం మీద పెట్టు. బిల్లులు దాచు. ఊరికే అద్దె ఆపేశావో, తప్పు నీ మీదకొస్తుంది" అన్నాడు.

సాయంత్రం ఉత్తరం రాశాను. తడి స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ నిలవదు, అది వానలు తగ్గాకే చేయాలి. కానీ వేలాడుతున్న పెచ్చులు ఈ వారమే కొట్టించాలి, దానికి మేస్త్రికి ఒక్క పూట చాలు. రెండూ విడివిడిగా, తేదీలతో రాశాను. "దయచేసి" ఉంచాను. "వీలైతే" అన్నది మాత్రం కొట్టేసి, సాపు ప్రతి రాశాను. ఊచ ఫొటో జతచేశాను. సోమవారం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపాలి.

పాప మంచం హాల్లోకి జరిపాం. ఆ గదిలో ఇప్పుడు బకెట్టే ఉంది.