అత్తయ్య చేయి ఆగిన చోటు

ఆదివారం, రాత్రి పదకొండు.

ఇల్లంతా పడుకుంది. గిన్నెలు సింకులోనే ఉన్నాయి, రేపు పొద్దున తోముకోవచ్చు. ఈ రోజు విన్న మాటలు మాత్రం రేపటికి ఇంత తాజాగా ఉండవు. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

నా సొనాటాను మొదటిసారి నలుగురి ముందు వాయించాను. మూడు భాగాలు, పందొమ్మిది నిమిషాలు. రాయడానికి పదమూడు నెలలు పట్టింది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు పియానో నేర్పుతున్నాను, పెళ్ళిళ్ళలో వాయించాను, పరీక్షలకు పిల్లల్ని తయారుచేశాను. ఇన్నేళ్ళూ వేళ్ళ కింద నలిగినవన్నీ ఇతరుల స్వరాలే. ఇది నాది.

విన్నవాళ్ళు ఏడుగురు. అత్తయ్య, మా ఆయన, ఆడపడుచు, అన్నయ్యగారు, పై అంతస్తులో ఉండే వయొలిన్ మాస్టారు, నా దగ్గర నేర్చుకునే పదేళ్ళ పిల్లవాడు, వాళ్ళ అమ్మ. మధ్యాహ్నం నుంచి చెన్నై సాలిగ్రామంలో ఒకటే వాన. వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచినా అందరూ వచ్చారు. పిల్లవాడి చెప్పులు నీళ్ళు కారుతూ గుమ్మం దగ్గర ఉన్నాయి. అవి చూసి నాకు చేతులు చల్లబడ్డాయి.

వానకన్నా పియానో గురించే భయపడ్డాను. ఈ ఊళ్ళో కార్తీక మాసం వచ్చిందంటే చాలు, కొయ్య తేమ తాగి ఉబ్బుతుంది, తీగలు బిగుసుకుంటాయి, శ్రుతి పైకి జరుగుతుంది. ఒక్కొక్క మెట్టు నొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోతుంది. అందుకే అడుగు పలక వెనక చిన్న బల్బు ఒకటి రాత్రింబగళ్ళు వెలుగుతూనే ఉంటుంది. శుక్రవారం ట్యూనర్ వచ్చి మూడు గంటలు కూర్చుని రెండు వందలకు పైగా ఉన్న తీగలన్నీ సరిచేసి వెళ్ళాడు. ఈ రోజు ఒక్క మెట్టు కూడా మొరాయించలేదు. ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను.

మొదలుపెట్టే ముందు అత్తయ్య అడిగారు: "సాహిత్యం ఏమిటమ్మాయ్?"

లేదన్నాను. ఇటలీ వాళ్ళు పాడేదాన్ని కాంటాటా అన్నారు, వాద్యం మీద మోగించేదాన్ని సొనాటా అన్నారు, ఇందులో మాట ఉండదు అని చెప్పాను. "అయితే వట్టి రాగమేనా" అన్నారు. ఆ మాట నచ్చింది. నిజంగా వట్టి రాగమే. మొదటి భాగం ఎత్తుగడ అంతా నల్ల మెట్ల మీదే నడుస్తుంది. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జం చేసుకుని వరసగా నల్లవే నొక్కితే మోహన రాగం. ఎఫ్ షార్ప్ మేజర్. మన లెక్కలో నాలుగున్నర శ్రుతి. ఈ శ్రుతిలో పెద్దవాళ్ళు రాసినవీ తక్కువే. బీథోవెన్ రాసిన 32 పియానో సొనాటాల్లో ఎఫ్ షార్ప్ మేజర్‌ది ఒక్కటే, 1809 నాటిది. త్యాగరాజస్వామి 1767లో పుడితే ఆయన 1770లో పుట్టాడు. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అక్కడ ఒకరు ఇక్కడ ఒకరు కూర్చుని రాసుకున్నారు. రాస్తున్నన్నాళ్ళూ ఈ సంగతి నాకు తోడుగా ఉంది.

నా పియానో గోడకు ఆనించి ఉంటుంది కాబట్టి వాయించేటప్పుడు జనానికి వీపే కనిపిస్తుంది. కానీ ముందు పలక మీది నల్ల వార్నిషులో హాలంతా అద్దంలో ఉన్నట్టు తెలుస్తుంది. సరిగ్గా మధ్యలో సోఫా, సోఫా చివర అత్తయ్య, ఆవిడ కుడి చేయి.

అత్తయ్య చిన్నప్పుడు రాజమండ్రిలో ఎనిమిదేళ్ళు గాత్రం నేర్చుకున్నారు. ఎత్తుగడ రెండోసారి రాకముందే ఆ చేయి తొడ మీద ఆది తాళం అందుకుంది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తర్వాత రెండుసార్లు దెబ్బ, విసురు. నాలుగేసి బీట్ల నా రెండు బార్లు ఆవిడకు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. పదమూడు నెలలు ఒంటరిగా మోసిన దానికి ఎవరో ఒక చేయి వేసినట్టయింది. రెండో ఇతివృత్తం దగ్గర ఆధార షడ్జం పంచమానికి మారుతుంది. అక్కడ ఆ చేయి కొంచెం నెమ్మదించింది కానీ ఆగలేదు.

తర్వాత ఆగింది.

సొనాటా మొదటి భాగంలో నడుమ ఒక ఘట్టం ఉంటుంది. అంతవరకు పరిచయం చేసిన స్వరాలను ముక్కలు చేసి, ఊరూరా తిప్పి, ఏ శ్రుతిలోనూ స్థిరంగా నిలవనివ్వకుండా నడిపిస్తారు. నేను ఆ చోట ఎనిమిది బీట్ల వాక్యాన్ని ఏడుకు కోశాను. పలకలో చూస్తున్నాను. దెబ్బ పడింది, చిటికెన వేలు లేచింది, అంతే. చేయి గాలిలోనే ఉండిపోయింది. ఆ ఘట్టం దాదాపు నిమిషంన్నర ఉంటుంది. అంతసేపూ ఆ చిటికెన వేలు అలాగే ఉంది. నా వేళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి, నా కళ్ళు మాత్రం ఆ వేలు మీదే. చివరికి మోహనం తిరిగి వచ్చింది, నాలుగున్నర శ్రుతిలోనే, మొదట ఎలా ఉందో అలాగే. చేయి దిగలేదు. ఒక ఆవర్తనం పూర్తిగా గడిచిపోయాక, రెండో ఆవర్తనం సమం మీద, మొదటి దెబ్బ దగ్గర, దిగింది.

ఆ ఒక్క ఆవర్తనం ఆలస్యమే ఈ రాత్రి నన్ను పడుకోనివ్వడం లేదు.

మొదటి భాగం అయిపోగానే పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. వాళ్ళ అమ్మ చేయి పట్టుకుని ఆపేసింది. భాగాల నడుమ చప్పట్లు కొట్టకూడదని నేనే తరగతిలో చెప్పాను, తప్పు నాది. 1778లో పారిస్‌లో మోట్సార్ట్ సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు జనం మొదటి భాగం నడుస్తుండగానే చప్పట్లు కొట్టారు. అక్కడ కొడతారని తనకు ముందే తెలుసని ఆయన తండ్రికి సంబరంగా ఉత్తరం రాశాడు. మన కచేరీల్లో సంగతి పడగానే "ఆహా" అనకుండా ఎవరు కూర్చుంటారు? వచ్చే వారం పిల్లలందరికీ ఈ మాట చెప్పాలి. కొట్టాలనిపిస్తే కొట్టండి అని.

అంతా అయ్యాక కాఫీలు, అరటికాయ బజ్జీలు. నేను కప్పు పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూస్తూ తిరిగాను. ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది, ఎందుకో చెప్పలేనంది. నేనూ గుచ్చి అడగలేదు. మా ఆయన "బాగుంది" అన్నారు. ఆ ఒక్క మాటకు మనసు చివుక్కుమంది. కానీ ఒక్క నిమిషం ఆగి, "చివరి పేజీ మార్చావు కదా, పోయిన నెల దాకా ఇలా లేదు" అన్నారు. పదమూడు నెలలు పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటూ ఈ మనిషి ప్రతి పేజీ విన్నారన్నమాట.

అన్నయ్యగారు సినిమాలో నేపథ్య సంగీతంలా ఉందన్నారు. ఇదీ మొదట మింగుడుపడలేదు. ఏ సన్నివేశానికి అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "రెండో భాగం ఉంది చూడమ్మా, అది. ఎవరో రాత్రి రైలు దిగుతారు. తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. అయినా ప్లాట్‌ఫారం మీద కూర్చునే ఉంటారు" అన్నారు. నేను ఆ భాగాన్ని అమ్మ పోయిన ఏడాదిలో మొదలుపెట్టాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మాస్టారు అందరూ మాట్లాడేదాకా నోరు విప్పలేదు. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయించారు. గాయకులూ వాద్యగాళ్ళూ అందరూ ఒకేసారి మైకుల ముందు నిలబడి, ఒక్కరు తప్పినా పాట మొత్తం మళ్ళీ మొదటి నుంచి తీసుకునే రోజుల మనిషి. "కాగితం ఇవ్వమ్మా" అన్నారు. చేత్తో రాసిన ప్రతి ఇచ్చాను. కళ్ళజోడు మార్చుకుని, పెదవులు కదుపుతూ, పక్కన ఎవరూ లేనట్టు చదువుకున్నారు. రెండో భాగం పద్నాలుగో బారు దగ్గర గోరు పెట్టారు.

"ఇక్కడ ఊపిరి లేదు."

ఒక క్వార్టర్ రెస్ట్, అంటే చిన్న విరామం, పెట్టమన్నారు. "మేము విశ్రాంతులు లెక్కపెట్టుకుంటూ బతికినవాళ్ళం. పాటలో నా వంతు ఎనిమిది బార్లుంటే మిగతాదంతా లెక్కే. అంతసేపూ విల్లు చేతిలోనే ఉంటుంది. వాయించకపోవడం కూడా రాయాలమ్మా" అన్నారు. చూశాను. నిజమే. ఆ బారులో అంత స్వరం కుక్కాల్సిన పని లేదు. పెన్సిలు తెచ్చి ఆయన ముందే మార్చాను. ఆయన ఇంకేమీ అనలేదు, కాగితం మాత్రం మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

ఈలోగా పిల్లవాడు పియానో ఎక్కాడు. బజ్జీ చేతులు తుడుచుకున్నాడో లేదో అని నేను కంగారు పడుతుంటే, ఒక్క చూపుడు వేలితో నా ఎత్తుగడ వాయిస్తున్నాడు. నల్ల మెట్ల మీదే, కానీ మూడు మెట్ల గుంపులో మొదటిదాని నుంచి మొదలుపెట్టాల్సింది మూడోదాని నుంచి అందుకున్నాడు. అడుగులు అవే, ఇల్లు మారిపోయింది. వంటింట్లోంచి అత్తయ్య గొంతు:

"అది హిందోళం రా!"

వాడు బెదిరి చేయి తీసేశాడు. అత్తయ్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చున్నారు. "మళ్ళీ వాయించు." వాయించాడు. "చూడు, మోహనంలో గాంధారాన్ని షడ్జం అనుకుంటే హిందోళం. గ్రహభేదం." ఆ మాట వాడికి ఎంత అర్థమైందో తెలియదు. వెంటనే నా వైపు తిరిగి, "టీచర్, రెండో భాగంలో ఎడమ చేత్తో ఈ మెట్టే కదా మీరు అన్నిసార్లు కొట్టింది? నలభై దాకా లెక్కపెట్టాను, తర్వాత మరిచిపోయాను. ఎందుకు అన్నిసార్లు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య జవాబు చెప్పేశారు. "తంబురా లేకపోతే ఎలా రా? అది మోగకపోతే చెవి మళ్ళీ మోహనానికే పారిపోతుంది."

మోహనం మెట్ల మీదే హిందోళం నడిపిన రెండో భాగం రహస్యం ఒక తప్పు మెట్టు వల్లా, ఒక వంటింటి కేక వల్లా బయటపడింది. నేను దాన్ని మూడు నెలలు కూర్చుని కట్టాను. అది వినేవాళ్ళకు తెలియాలని ఎంత కోరుకున్నానో ఆ క్షణం దాకా నాకూ తెలియలేదు.

అందరూ వెళ్ళాక అత్తయ్యను అడిగాను, మొదటి భాగంలో మీ చేయి ఎందుకు ఆగిందని. నేను చూశానంటే ఆశ్చర్యపోయారు.

"ఏడు అయితే ఏమయింది, మిశ్రం పట్టుకోలేనా? తాళం కాదమ్మా. ఆధారం పోయింది. మధ్యమ శ్రుతి అయితే తంబురా తీగ శ్రుతి మారుస్తారు, మనకూ తెలుస్తుంది. నువ్వు చెప్పకుండా తీసుకుపోయావు. పోనీలే, తీసుకుపో. ఇంటికి తెచ్చినప్పుడైనా చెప్పాలి కదా. వచ్చేశామా లేదా అని చూస్తూ కూర్చున్నాను."

ఊరు తిరగడం సొనాటా స్వభావం, దాన్ని మార్చను. అక్కడ తంబురా పెడితే అది సొనాటానే కాదు. కానీ ఇంటికి రావడం ఎలా చెప్పాలో పాతవాళ్ళు ఎప్పుడో చూపించారు. తిరిగి వచ్చే ముందు ఎడమ చేత్తో పంచమాన్ని పట్టుకుని వదలకుండా మోగించాలి, చెవి షడ్జం కోసం అలమటించేదాకా. నేను రెండు బార్లే పట్టుకున్నాను. కాగితం మీద అది చాలనిపించింది. అప్పటికే ఆ స్వరాలతో పదమూడు నెలలు గడిపిన చెవికి అది చాలు. అత్తయ్యకు చాలలేదు.

ఇందాక ఆ పేజీ తీసి, నడుమ నాలుగు బార్లు చేర్చాను. మొత్తం ఆరు, అంటే మూడు ఆవర్తనాలు. వాయించి చూసుకోవడానికి ఇది వేళ కాదు, మెట్ల మీద వేళ్ళు నొక్కకుండా ఆనించి లెక్కపెట్టుకున్నాను. వాన తగ్గింది. అడుగు పలక సందులోంచి బల్బు వెలుతురు నేల మీద సన్నని గీతలా పడుతోంది.

పొద్దున అత్తయ్య కాఫీ తాగి పేపరు పట్టుకున్నాక ఆ పేజీ ఒక్కటే వాయిస్తాను. ముందు ఏమీ చెప్పను. పలకలో చేయి చూస్తాను.